రెండో తాళంచెవి

నగరంపాలెం ట్రెజరీలో
స్ట్రాంగ్‌రూమ్ తలుపుకి రెండు తాళాలు.
ఒక చెవి నా దగ్గర,
ఒకటి పానకాలరావుగారి దగ్గర.
ఆయన రాకుండా నేనూ, నేను రాకుండా ఆయనా
తెరవడానికి వీల్లేదు.
పదకొండేళ్ల మా పరిచయం అదే:
ఒకరినొకరు నమ్మే పని లేకుండా
సర్కారు చేసిన ఏర్పాటు.

లోపల ఏముంటాయని మా చిన్నాడు అడుగుతాడు.
స్టాంపు కాగితాలు, లక్క సీలేసిన పెట్టెలు,
పరీక్ష ముందు రోజు రాత్రి
ఎవరో ఒక తండ్రి పొలం అమ్మి అయినా కొనగల కట్టలు.
చెప్పను. బీరకాయలు అంటాను.

ఫిబ్రవరిలో సర్క్యులర్ వచ్చింది.
తాళాలు, రహస్య పత్రాలు చేతిలో ఉన్న సిబ్బంది
మద్యం, మత్తుమందుల సంగతి
తమంతట తామే రాసివ్వాలి.
చివర్లో ఒక గడి:
తోటి ఉద్యోగిలో మీరు గమనించినవి.

అందులో దయ కూడా ఉంది.
ముందుగా చెప్పుకున్నవాళ్లని వైద్యానికి పంపుతారట,
ఉద్యోగం ఉంటుందట.
ఆ మాట ఏడో పేరాలో ఉంది.
మా ఆఫీసులో ఏడో పేరా దాకా ఎవరూ వెళ్లలేదు.
మూడో పేరా దగ్గరే క్యాంటీన్‌లో నవ్వులు,
నిన్నటి మజ్జిగ పులిసింది, అదీ రాయాలా అని.

గొట్టంలో ఊదించుకునే కుర్రాడు వచ్చిన రోజు
మిర్చియార్డు వైపు నుంచి గాలి.
ఊదమంటే అందరూ దగ్గారు.
పానకాలరావుగారికి సున్నా వచ్చింది.
ఎందుకొచ్చిందో నాకు తెలుసు.
పగలు తాగరు.
పగలు వణుకుతారు.

చూశాను.
చెవి రంధ్రం కోసం వెతుక్కోవడం,
ఇత్తడి మీద సన్నటి గీతలు,
ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని
పసివాడి చేత అ ఆలు దిద్దించినట్టు
తాళం తిప్పడం.
ఒక సాయంత్రం చింతపండు తెచ్చి
ఆ గీతల్ని తోమాను కూడా.
అది గమనించడం కిందికొస్తుందా,
దాచడం కిందికా?

కారణం అడగలేదు.
కారణాలు నాకూ ఉన్నాయి.
రాత్రి పదింటికి సగం మాత్ర, ఈమధ్య ముప్పాతిక.
అరండల్‌పేట షాపు కుర్రాడు చీటీ లేకుండా ఇస్తాడు,
అక్కా అంటాడు.
ఆ మాత్ర కూడా ఈ ఫారంలో రాయాలని
మూడోసారి చదివితే గానీ తెలియలేదు.
అప్పటిదాకా నా చేతిలో పెన్ను
ఎంత ధీమాగా ఉందో!

ఆఖరి రోజు ఐదున్నర.
తలుపు వేశాక ఆయన అక్కడే నిలబడ్డారు.
"హైమవతిగారూ,
మా అమ్మ మంగళగిరి కొండకి మొక్కుకుని ఈ పేరు పెట్టింది.
ఆ స్వామి బిందెడు పానకంలో
సగం తాగి సగం వదిలేస్తాడు.
పేరు వచ్చింది గానీ
ఆ సగం దగ్గర ఆగడం రాలేదు."

ఏమనాలో తోచక
ఏడో పేరా పైకి చదివాను,
రిజిస్టరులో అంకెలు చదివే గొంతుతోనే.
మళ్లీ చదవమన్నారు. చదివాను.
"నిజంగా ఇస్తారంటారా ఉద్యోగం?"
తెలియదన్నాను.
పెన్ను అడిగారు.
ఆయన రాసేంతసేపూ నేను గోడ వైపు చూశాను.
తర్వాత అదే పెన్నుతో నాది రాశాను.
ఇద్దరం ఆ చివరి గడి ఖాళీగా వదిలేశాం.

సోమవారం ఆయన జి.జి.హెచ్.లో ఓపీ చీటీ రాయించుకున్నారట.
నాకింకా పిలుపు రాలేదు.
రెండో చెవితో కొత్తాయన వచ్చాడు, రేపల్లె నుంచి బదిలీ,
చెయ్యి రాయిలా ఉంది.

మాత్ర లేకుండా నాలుగో రాత్రి గడిచిన పొద్దున
నా చెవి రంధ్రం పక్కన రెండుసార్లు తగిలింది.
ఇత్తడి మీద కొత్త గీత.
కొత్తాయన చూశాడు.
జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు, చెమట లేకపోయినా.

ఏడో పేరా చదివాడో లేదో.